ఇంజనీరింగ్ జర్నల్‌కి పేపర్ పంపాలంటే: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు స్కాలర్లకు సమగ్ర మార్గదర్శి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎం.టెక్, పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లలకి, కొత్తగా చేరిన లెక్చరర్లకి ఏడాది పొడవునా ఒకటే టెన్షన్: పేపర్ ఎప్పుడు వస్తుంది? ఆ టెన్షన్‌ని సొమ్ము చేసుకునేవాళ్ళు వాట్సాప్ గ్రూపుల నిండా ఉన్నారు. "స్కోపస్ గ్యారంటీ, ఫస్ట్ ఆథర్‌కి ఒక రేటు, సెకండ్ ఆథర్‌కి ఒక రేటు" అని బేరం పెడతారు. స్కోపస్ అంటే పరిశోధన జర్నళ్ళని ఎంచి చేర్చే ఒక పెద్ద డేటాబేస్. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చే పిల్లలకి ఇంగ్లిష్‌లో పేపర్ రాయడమే పెద్ద పని. పద్ధతులు చెప్పే సీనియర్లు కూడా దగ్గర్లో లేకపోతే ఆ బేరం ఎంత ఊరిస్తుందో అర్థం చేసుకోగలను.

నేను సివిల్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఉదాహరణలు కాంక్రీటు, నీళ్ళ చుట్టూ తిరుగుతాయి. ఎలక్ట్రికల్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకీ పద్ధతి ఇదే. పబ్లికేషన్ ఎథిక్స్ సంగతి ల్యాబ్‌లో మొదటి రీడింగ్ రాసుకున్న రోజే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. అందుకే మొదటి అడుగు జర్నల్ దగ్గర కాకుండా ల్యాబ్‌లో వేద్దాం.

మొదటి అడుగు: రీడింగులు రాసుకోవడం

పేజీలకి నంబర్లున్న బౌండ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. పెన్నుతోనే రాయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి తేదీ వేయండి, కింద రాసింది కనబడాలి. వారానికోసారి గైడ్ చేత పొట్టి సంతకం పెట్టించుకోండి. ఎక్సెల్‌లో ఎక్కించిన అసలు అంకెల ఫైల్‌ని ముట్టుకోకుండా ఉంచి, లెక్కలన్నీ దాని కాపీలో చేయండి.

ఎందుకింత పట్టుదలో ఒక ఉదాహరణతో చెబుతాను. కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. బాక్సైట్ నుంచి అల్యూమినా తీశాక మిగిలే రెడ్ మడ్‌ని సిమెంటులో కొంత భాగానికి బదులుగా వాడి కాంక్రీటు బలం చూడటం మన వైపు తరచూ ఎంచుకునే అంశం. 150 మిల్లీమీటర్ల క్యూబులు మూడు పోసి, 28 రోజులు నీళ్ళలో ఉంచి, కంప్రెషన్ మిషన్‌లో పెట్టారనుకోండి. మొదటిది 729 కిలోన్యూటన్ల దగ్గర, రెండోది 697.5 దగ్గర, మూడోది 531 దగ్గర పగిలాయి. క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. అంటే బలాలు 32.4, 31.0, 23.6 మెగాపాస్కల్స్. సగటు 29.0.

ఇక్కడే చేయి జారుతుంది. మూడోది "ఎక్కడో తేడా కొట్టింది" అనుకుని వదిలేసి, మిగతా రెండింటి సగటు 31.7 వేసేస్తే గ్రాఫ్ చక్కగా వస్తుంది. కానీ మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ఏమంటోంది? మూడు క్యూబుల సగటే ఆ శాంపిల్ ఫలితం. ఏ క్యూబూ సగటు నుంచి 15 శాతానికి మించి తేడా పడకూడదు, పడితే ఆ శాంపిల్ ఫలితమే చెల్లదు. 29.0లో 15 శాతం 4.35. కింది హద్దు 24.65. మన మూడో క్యూబు 23.6. కాబట్టి 31.7 కుదరదు, 29.0 కూడా కుదరదు. మూడు అంకెలూ నోట్‌బుక్‌లో ఉంచి, పగిలిన క్యూబు ఫోటో తీసి, లోపల తేనెపట్టులా ఖాళీలున్నాయా, మిషన్‌లో వంకరగా కూర్చుందా అని చూసి రాసి, మళ్ళీ పోయాలి. పేపర్‌లో కూడా ఒక వాక్యం రాయాలి: ఫలానా మిశ్రమంలో ఒక సెట్ ఐఎస్ 456 హద్దు దాటినందున చెల్లనిదిగా తీసుకుని మళ్ళీ పోశాము. ఈ వాక్యం చూసి, జర్నల్ తరఫున పేపర్‌ని సమీక్షించే రివ్యూయర్ మిమ్మల్ని తక్కువ చేయడు. మిగతా అంకెల మీద ఆయనకి నమ్మకం కుదిరేది ఇలాంటి వాక్యాల వల్లే.

నచ్చని రీడింగు తీసేయడం, లేనిది రాయడం, మైక్రోస్కోప్ బొమ్మలో మచ్చ చెరిపేయడం, ఒకే బొమ్మని రెండు మిశ్రమాలకి వాడటం అన్నీ డేటా మార్చడం కిందకే వస్తాయి. సిమిలారిటీ శాతం, అంటే మీ రాత ఇతరుల రాతతో ఎంత కలుస్తుందన్న లెక్క, ఎక్కువైతే దిద్దుకోవచ్చు. పుట్టించిన అంకెని దిద్దే దారి లేదు.

ఈ అడుగులోనే అనుమతుల పని కూడా పూర్తి చేయండి. ఫ్యాక్టరీ నుంచి శాంపిల్ తెచ్చుకుంటే ఎవరు, ఎప్పుడు, ఎంత ఇచ్చారో లెటర్ ఉండాలి. ఫలితాలు అచ్చు వేసుకోవచ్చా, ఫ్యాక్టరీ పేరు రాయవచ్చా అన్నది అదే లెటర్‌లో అడిగేయండి. పేపర్ ఒప్పుకున్నాక అడిగితే అక్కడి పెద్దలు భయపడి వద్దనవచ్చు, అప్పుడు మీ ఏడాది కష్టం మధ్యలో వేలాడుతుంది.

గజపతి జిల్లాలోనో గుణుపురం చుట్టుపక్కలో సవర గూడేలకి వెళ్ళి తాగునీటి శాంపిళ్ళతో పాటు ఇంటింటి సర్వే చేసేవాళ్ళు ఇంకొక మెట్టు ఎక్కాలి. మనుషుల్ని ప్రశ్నలడిగితే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి సర్వేకి ముందే తీసుకోవాలి, తర్వాతి తేదీతో తెచ్చిన కాగితం పనికిరాదు. సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో చదివి వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. సవర భాష వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళి, ఎందుకు అడుగుతున్నామో, చెప్పనంటే ఏ నష్టమూ లేదని వాళ్ళ మాటల్లో చెప్పించండి. పేపర్‌లో ఇంటి యజమానుల పేర్లు, గుర్తుపట్టగల ఫోటోలు వద్దు.

రెండో అడుగు: పేర్ల జాబితా

గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. ప్రయోగం మొదలుపెట్టక ముందే ఎవరి పేరు ఉంటుంది, ఏ వరసలో ఉంటుంది, కరస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) ఎవరు అన్నది ఒక మెయిల్‌లో రాసుకుని అందరూ "సరే" అనాలి. పని మారితే ఆ మెయిల్‌నీ మార్చుకోండి.

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ పెట్టిన కొలమానం తేలికగా అర్థమవుతుంది. రచయిత అనిపించుకోవాలంటే మూడూ ఉండాలి: సిద్ధాంతంలోనో, ప్రయోగం రూపకల్పనలోనో, ఫలితాల విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ మేధోపరమైన పాలు, పేపర్ రాయడంలోనో, విషయం దృష్టితో దిద్దడంలోనో పాలు, చివరి ప్రతికి ఆమోదం. ల్యాబ్ ఇచ్చినందుకు, ఫండ్ ఇప్పించినందుకు, పెద్దాయన కాబట్టి పేరు పెట్టడం ఈ కొలమానంలో నిలవదు. అవన్నీ కృతజ్ఞతల భాగంలో రాయాలి.

"అక్కా, హెచ్‌ఓడీ సార్ పేరు పెట్టకపోతే బాగోదేమో" అని జూనియర్లు సీనియర్లని అడగడం మన కాలేజీల్లో మామూలే. నా జవాబు ఇది. సార్ దగ్గరికి డ్రాఫ్ట్ పట్టుకెళ్ళి, "సార్, మీరు ఫలితాల భాగం చూసి దిద్దితే మీ పేరు కూడా పెడతాం, జర్నల్‌వాళ్ళు ఎవరి పాలు ఏమిటో రాయమంటున్నారు" అని మర్యాదగా చెప్పండి. అడిగింది జర్నల్ కాబట్టి మాట మీ మీద పడదు. చాలా జర్నళ్ళు ఇప్పుడు క్రెడిట్ అనే పద్ధతిలో ఒక్కొక్కరి పాలు అడుగుతున్నాయి. అందులో ఆలోచన, ప్రయోగం, సాఫ్ట్‌వేర్, డేటా నిర్వహణ, మొదటి డ్రాఫ్ట్, పర్యవేక్షణ లాంటి 14 పాత్రలున్నాయి. నిజంగా పని చేసిన గైడ్‌కి ఈ పద్ధతి న్యాయమే చేస్తుంది. పేరు కోసమే చూసేవాళ్ళు ఆ గడుల దగ్గర ఆగిపోతారు.

రెండో వైపు కూడా చూడండి. క్యూబులు పోయడంలో రాత్రి దాకా నిలబడిన ల్యాబ్ అసిస్టెంట్ పేరు కృతజ్ఞతల్లో కూడా లేని పేపర్లు చాలా ఉంటాయి. ఆయన మిక్స్ డిజైన్‌లో ఆలోచన ఇచ్చి, ఫలితాలు చర్చించి ఉంటే రచయితగా ఉండే హక్కు కూడా ఆయనకుంది. హోదా చూసి పాలు తేల్చకండి.

పేపర్‌లో పేరు కొనుక్కోవడం గురించి ఒక్క మాట: అలా అమ్మే పేపర్లలో చాలావాటికి ప్రయోగమే ఉండదు. రేపు ఎవరైనా డేటా అడిగితే చూపించాల్సింది మీరు. అమ్మినవాడి ఫోన్ అప్పటికి పని చేయదు.

మూడో అడుగు: రాయడం, సిమిలారిటీ, ఏఐ

కాపీ రాతల మీద యూజీసీ తెచ్చిన 2018 నిబంధనల్లో అంచెలు స్పష్టంగా ఉన్నాయి. సిమిలారిటీ 10 శాతం వరకు చిన్నదిగా చూస్తారు, శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే థీసిస్‌ని ఆరు నెలల లోపు దిద్ది మళ్ళీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది దాకా దిద్దిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అచ్చయిన పేపర్ల విషయంలో లెక్చరర్లకి పేపర్ వెనక్కి తీసుకోమనడం నుంచి ఇంక్రిమెంట్ ఆపడం, కొత్త స్కాలర్లని తీసుకోకుండా రెండు మూడేళ్ళు నిలపడం దాకా ఉంది. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, ఉటంకింపు గుర్తులతో మూలం చెప్పి తీసుకున్న మాటలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు.

అయితే 10 లోపు వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. సాఫ్ట్‌వేర్ పోల్చేది మాటల్ని మాత్రమే. ఒకే పేరా మొత్తం ఒక పేపర్ నుంచి తెచ్చినా మొత్తం మీద 4 శాతమే చూపించవచ్చు. ఎవరి ఆలోచనో మీ మాటల్లో రాసి మూలం చెప్పకపోతే సున్నా శాతం చూపించినా దొంగతనమే. మన ప్రాంతంలో ఇంకొకటి జరుగుతుంది: తెలుగులోనో, ఒడియాలోనో, హిందీలోనో ఉన్న రిపోర్టుని ఇంగ్లిష్‌లోకి మార్చి సొంతంగా వేసుకోవడం. సాఫ్ట్‌వేర్ పట్టకపోవచ్చు, ఆ రిపోర్టు రాసినాయన మాత్రం పడతాడు.

శాతం తగ్గించడానికి పర్యాయపదాల సాఫ్ట్‌వేర్‌లో పేరాలు వేసి తిప్పేవాళ్ళకి 2021లో పెద్ద దెబ్బ తగిలింది. గిలోమ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే పరిశోధకులు పేపర్లలో వింత మాటలు ఏరి చూపించారు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' ఉండాల్సిన చోట 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్', 'బిగ్ డేటా' చోట 'కొలాసల్ ఇన్ఫర్మేషన్' అని ఉన్నాయి. అలాంటివి పెద్ద ఎత్తున బయటపడిన జర్నళ్ళలో ఒకటి 'మైక్రోప్రాసెసర్స్ అండ్ మైక్రోసిస్టమ్స్', మన ఇంజనీరింగ్ జర్నలే. ఇప్పుడు ఎడిటర్లు ఇలాంటి మాటల కోసం ప్రత్యేకంగా వెతుకుతున్నారు.

ఇంగ్లిష్ రాదని భయపడేవాళ్ళకి నా సలహా: ముందు తెలుగులోనే రాయండి. ఏం చేశాను, ఎందుకు చేశాను, ఏం వచ్చింది, ఎందుకలా వచ్చింది. తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి తెచ్చుకోండి. వ్యాకరణం దిద్దడానికి ఏఐ వాడుకోవడం తప్పు కాదు, కానీ జర్నల్ నియమం చదివి, అడిగిన చోట వాడినట్టు రాయండి. ఏఐతో తయారైన రాత, బొమ్మ, కోడ్ ఏదైనా పేపర్‌లో ఉంటే కృతజ్ఞతల భాగంలో చెప్పమని ఐఈఈఈ అంటోంది. ఏఐని రచయితగా పెట్టకూడదని పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ, అంటే 1997 నుంచి ఉన్న కోప్ సంస్థ, 2023లోనే చెప్పింది. పేపర్‌కి బాధ్యత తీసుకోలేనిది రచయిత కాలేదు. ఏఐ ఇచ్చిన రిఫరెన్సులని ఒక్కటి కూడా నమ్మకండి. ప్రతి దాని డీఓఐ (పేపర్‌కుండే శాశ్వత లింకు) నొక్కి, అదే పేపర్ తెరుచుకుందా, మీరు చెబుతున్న సంగతి అందులో నిజంగా ఉందా అని చూడండి.

చదవడానికి పేపర్లు దొరకవన్న బాధ మన కాలేజీల్లో నిజమైనదే. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకి పెద్ద ప్రచురణకర్తల జర్నళ్ళు అందుబాటులోకి వచ్చాయి. ప్రభుత్వ కాలేజీలో ఉంటే లైబ్రేరియన్‌ని అడిగి లాగిన్ తీసుకోండి. ప్రైవేటు కాలేజీ వాళ్ళు రచయితకే ఒక మెయిల్ రాస్తే సరి, తమ పేపర్ పీడీఎఫ్ పంపడానికి ఎక్కువమంది సంతోషిస్తారు. పాత థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితం.

నాలుగో అడుగు: జర్నల్ ఎంచుకోవడం

"యూజీసీ అప్రూవ్డ్ జర్నల్" అన్న ప్రకటన ఇప్పుడు కనబడితే అక్కడే ఆగండి. యూజీసీ మంచి జర్నళ్ళని ఎంచి పెట్టిన తన కేర్ జాబితాని ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది, జర్నల్ నాణ్యత చూసుకునే బాధ్యతని విద్యాసంస్థలకే వదిలింది. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కి ముందు జర్నల్ పేపర్ తప్పనిసరి అన్న షరతూ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత నియమంలో అది ఇంకా ఉండవచ్చు, కాబట్టి ఆర్డినెన్స్ కాగితం మీరే చదవండి, విన్న మాట మీద పోకండి.

జర్నల్‌ని పరీక్షించే పద్ధతి చెబుతాను. ముందు స్కోపస్ సోర్స్ జాబితాలో ఆ పేరు వెతికి, కవరేజ్ ఏ ఏడాది దాకా ఉందో చూడండి. ఆగిపోయిన జర్నళ్ళు కూడా జాబితాలో కనబడతాయి, ఏజెంట్లు చూపించేది వాటినే. తర్వాత వెబ్‌సైట్ అసలుదో నకిలీదో తేల్చుకోండి. పేరున్న జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు దొంగిలించి నకిలీ సైట్ పెట్టే ముఠాలు ఉన్నాయి. గూగుల్‌లో పైన వచ్చిన లింకు నొక్కకుండా స్కోపస్ పేజీ నుంచో, ప్రచురణకర్త సొంత పేజీ నుంచో వెళ్ళండి. 'రిట్రాక్షన్ వాచ్' వాళ్ళు నకిలీ జర్నళ్ళ జాబితా నిర్వహిస్తున్నారు, అదీ చూడండి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్నంత మాత్రాన నాణ్యత ఉన్నట్టు కాదు, అది కేవలం గుర్తింపు సంఖ్య. తర్వాత ఆ జర్నల్‌లో ఈ మధ్య వచ్చిన పేపర్లు రెండు మూడు పూర్తిగా చదవండి. కాంక్రీటు పేపర్ పక్కన దంతవైద్యం, దాని పక్కన మార్కెటింగ్ ఉంటే వదిలేయండి. ఎడిటోరియల్ బోర్డులో ఒకరి కాలేజీ పేజీ తెరిచి, ఆ జర్నల్ పేరు ఆయన సీవీలో ఉందేమో చూడండి.

సమీక్ష లేకుండానే రెండు మూడు రోజుల్లో "యాక్సెప్టెడ్" అని వచ్చి వెంటనే ఫీజు అడిగితే అది మోసమే. ఈ వ్యాపారానికి మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ (అదే రంగంలోని వాళ్ళు చేసే సమీక్ష) గురించి, ఎడిటర్ల గురించి, ఫీజుల గురించి రచయితల్ని తప్పుదారి పట్టించిందని 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

పెద్ద ప్రచురణకర్త పేరున్నా కళ్ళు మూసుకోకండి. వైలీ 2021లో కొన్న హిందావీ జర్నళ్ళలో ప్రత్యేక సంచికల దారిన దొంగ పేపర్లు చొరబడ్డాయి. 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పేపర్లు ఉపసంహరించాల్సి వచ్చింది. ఎవరో తెలియని 'గెస్ట్ ఎడిటర్' పొగుడుతూ మెయిల్ పంపి ప్రత్యేక సంచికకి రమ్మంటే, ముందు ఆ జర్నల్ ప్రధాన ఎడిటర్‌ని అడగండి.

డబ్బు లేని స్కాలర్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. మంచి ఇంజనీరింగ్ జర్నళ్ళలో చాలావాటికి సబ్‌స్క్రిప్షన్ దారి ఉంది, ఆ దారిలో రచయిత పైసా కట్టక్కర్లేదు. సబ్మిట్ చేసేటప్పుడు ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదివేలా వేసి, ఫీజు రచయితని అడిగే దారి) గడి దగ్గర ఆగి, ఏది ఎంచుకుంటున్నారో చదివి నొక్కండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి 'సాధన' ఇంజనీరింగ్ శాస్త్రాలకి మన దేశంలోనే నడుస్తున్న జర్నల్, మొదటి ప్రయత్నంగా అలాంటివి చూడమంటాను.

ఐదో అడుగు: సబ్మిట్ చేసే రోజు

ఒక సమయంలో ఒక్క జర్నల్‌కే పంపాలి. రెండు చోట్ల పెట్టి ముందొచ్చిన దాన్ని పట్టుకుందామనుకుంటే, ఒకే అంశంలో పనిచేసే రివ్యూయర్లు కొద్దిమందే కాబట్టి ఇద్దరు ఎడిటర్ల నుంచీ పేపర్ ఒకే మనిషికి చేరే అవకాశం చాలా ఎక్కువ. రిజెక్ట్ అయ్యాకనో, మీరే రాతపూర్వకంగా వెనక్కి తీసుకుని వాళ్ళు ఒప్పుకున్నాకనో ఇంకో చోటికి పంపండి.

కాన్ఫరెన్స్‌లో వేసిన పేపర్‌ని పెంచి జర్నల్‌కి పంపడం ఇంజనీరింగ్‌లో మామూలే, తప్పు లేదు. కాన్ఫరెన్స్ పేపర్‌ని రిఫరెన్సుల్లో చూపించి, కొత్తగా ఏం చేర్చారో కవర్ లెటర్‌లో రాయండి. ఒకే ప్రయోగాన్ని ముక్కలు చేసి, 7 రోజుల బలం ఒక పేపర్, 28 రోజుల బలం ఒక పేపర్ చేయడం మాత్రం పేపర్ల లెక్క పెంచుకోవడమే.

రివ్యూయర్ల పేర్లు సూచించమన్నప్పుడు గైడ్ స్నేహితులు, మీతో కలిసి పేపర్లు రాసినవాళ్ళు వద్దు. సంస్థ ఇచ్చిన మెయిల్ ఐడీలే ఇవ్వండి. ఈ జాగ్రత్త ఎందుకంటే 2014 జూలైలో 'జర్నల్ ఆఫ్ వైబ్రేషన్ అండ్ కంట్రోల్' ఒకేసారి 60 పేపర్లు వెనక్కి తీసుకుంది. దొంగ ఐడీలతో రివ్యూయర్ ఖాతాలు తెరిచి, రచయితలే తమ పేపర్లకి సమీక్షలు రాసుకున్న ముఠా అది.

ఆరో అడుగు: పీర్ రివ్యూ నడిచే తీరు, జవాబు రాసే తీరు

సబ్మిట్ చేశాక ముందు ఆఫీసు సిమిలారిటీ చూస్తుంది, ఎడిటర్ అంశం తమ పరిధిలోదేనా అని చూస్తారు. అక్కడే తిరిగి వస్తే అది డెస్క్ రిజెక్ట్, వారంలోపే రావచ్చు. దాటితే ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లకి వెళ్తుంది. సింగిల్ బ్లైండ్‌లో వాళ్ళకి మీ పేరు తెలుస్తుంది, మీకు వాళ్ళ పేరు తెలియదు. డబుల్ బ్లైండ్‌లో ఇద్దరికీ తెలియదు. డబుల్ బ్లైండ్ జర్నల్ అయితే పేపర్ లోపల కాలేజీ పేరు, "మా గత పేపర్‌లో" లాంటి మాటలు, ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరు తీసేయండి. చిన్న ఊరి కాలేజీ అని చులకన చేస్తారేమోనన్న బెంగ ఉన్నవాళ్ళకి డబుల్ బ్లైండ్ జర్నల్ మంచి ఎంపిక.

నెలలు పడుతుంది. జర్నల్ తన పేజీలో రాసుకున్న గడువు దాటితే మర్యాదగా ఒక మెయిల్ పంపవచ్చు.

'మేజర్ రివిజన్' వచ్చిందంటే చాలామంది కుంగిపోతారు. నిజానికి ఎడిటర్ తలుపు తెరిచి పెట్టారన్నమాట. ఉత్తరం ఒకసారి చదివి, ఆ రోజుకి మూసేయండి. మర్నాడు ప్రతి వ్యాఖ్యనీ విడివిడిగా ఒక పట్టికలో పెట్టుకోండి: వ్యాఖ్య, మీరు చేసిన మార్పు, ఏ పేజీ ఏ లైన్.

రివ్యూయర్ ఇలా రాశారనుకోండి: "రెడ్ మడ్ 15 శాతం దాటాక బలం ఎందుకు తగ్గిందో రచయితలు వివరించలేదు." దీనికి "మీ విలువైన సూచనకి ధన్యవాదాలు, మార్చాము" అని రాస్తే జవాబు కాదు. ఇలా రాయాలి (స్లంప్ అంటే పచ్చి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూపే కొలత): "ధన్యవాదాలు. 20 శాతం మిశ్రమంలో స్లంప్ బాగా తగ్గినట్టు మా రికార్డులో ఉంది. ఆ విలువలని కొత్త పట్టికగా చేర్చాము. నీళ్ళ అవసరం పెరిగి క్యూబులో కాంక్రీటు గట్టిగా సర్దుకోకపోవడం ఒక కారణం కావచ్చని 9వ పేజీ, 212 నుంచి 220 లైన్లలో రాశాము. మైక్రోస్కోప్ పరీక్ష చేయలేదు కాబట్టి దీన్ని కారణమని తేల్చి చెప్పలేదు." చివరి వాక్యం చూడండి. చేయని పరీక్షని చేసినట్టు చెప్పకుండా, చేసినంత మేరకే మాట అన్నారు. స్లంప్ విలువలు చేర్చగలిగింది కూడా నోట్‌బుక్ ఉండబట్టే.

రివ్యూయర్ పొరబడితే ఒప్పుకోనక్కర్లేదు. కోడ్ క్లాజు చూపించి, లెక్క చూపించి, "ఈ కారణంగా పాత పద్ధతినే ఉంచాము" అని రాయవచ్చు. రివ్యూయర్‌కే పొరబాటు కలిగిందంటే అక్కడ మన వాక్యం స్పష్టంగా లేదేమో కూడా చూసుకుని దిద్దండి. ఒకే మనిషి రాసిన ఎనిమిది పేపర్లు, అంశంతో సంబంధం లేనివి, రిఫరెన్సుల్లో చేర్చమని ఒత్తిడి వస్తే, సంబంధం ఉన్నవి చేర్చి, మిగతావాటి సంగతి ఎడిటర్‌కి విడిగా రాయండి. ఎడిటర్లకి ఇలాంటి ఫిర్యాదులు కొత్త కాదు, కోప్ వీటికి అంచెలంచెలుగా దారి చూపే పటాలు తయారు చేసి పెట్టింది.

రిజెక్ట్ అయితే రివ్యూల్లో పనికొచ్చేవన్నీ దిద్దాకే ఇంకో జర్నల్‌కి పంపండి. అదే పేపర్ అదే రివ్యూయర్ దగ్గరికి మార్పు లేకుండా వెళ్తే ఆయన గుర్తుపడతారు.

ఏడో అడుగు: మీరే రివ్యూయర్ అయినప్పుడు

ఒకటి రెండు పేపర్లు వచ్చాక మీకూ పిలుపులు వస్తాయి. అంశం మీకు తెలిస్తేనే, గడువులోపు చేయగలిగితేనే ఒప్పుకోండి. రచయితలు మీ గైడో, మీ కాలేజీయో, మీతో పోటీగా అదే పని చేస్తున్నవాళ్ళో అయితే ఎడిటర్‌కి చెప్పి తప్పుకోండి. ఆ పేపర్ రహస్యం. అందులోని ఆలోచనని అచ్చు కాకముందు వాడుకోకూడదు, బయటి ఏఐ సైట్‌లో పెట్టి సమీక్ష రాయించకూడదు, ఎడిటర్‌కి చెప్పకుండా మీ విద్యార్థికి ఇచ్చి రాయించకూడదు. సమీక్ష రాసేటప్పుడు పేపర్‌లో మంచిది ముందు చెప్పి, లోపాలని నంబర్లు వేసి, ఎలా సరిచేసుకోవచ్చో చెప్పండి. "ఇంగ్లిష్ బాగోలేదు" అని ఒక్క ముక్కతో కొట్టేయకండి. ఆ మాట పడే పిల్లలు మన ఊళ్ళల్లోనే ఎక్కువ. ఏ వాక్యం అర్థం కాలేదో చూపిస్తే చాలు.

ఎనిమిదో అడుగు: అచ్చయ్యాక

నోట్‌బుక్, అసలు ఫైళ్ళు, అనుమతి లెటర్లు, జర్నల్‌తో నడిచిన మెయిళ్ళు ఒక ఫోల్డర్‌లో పెట్టి, కాలేజీ కంప్యూటర్‌లో ఒక కాపీ, మీ దగ్గర ఒక కాపీ ఉంచండి. ఎవరైనా డేటా అడిగితే ఇవ్వగలగాలి. ఓఆర్‌సీఐడీ, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, తీసుకుని పేపర్లన్నీ దానికి జతచేయండి. మన వైపు ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఎక్కువ, ఒకరి పేపర్ మరొకరి ఖాతాలో పడటం తప్పుతుంది.

అచ్చయ్యాక పట్టికలో అంకె తప్పు పడిందని తెలిస్తే రచయితలందరికీ చెప్పి, ఎడిటర్‌కి మీరే రాయండి. ముగింపు మారకపోతే సవరణ ప్రకటన వేస్తారు, పేపర్ నిలబడుతుంది. ముగింపే మారిపోయేంత తప్పు అయితే ఉపసంహరణ అడగాలి. తెలియక జరిగిన తప్పుకి రచయితలే అడిగి చేసుకున్న ఉపసంహరణని, డేటా పుట్టించి దొరికిపోయినవాళ్ళ ఉపసంహరణతో ఎవరూ కలిపి చూడరు, కారణం ప్రకటనలోనే ఉంటుంది. ఆ మెయిల్‌లో ఏ పట్టిక, ఏ వరుస, పాత అంకె, సరైన అంకె, తప్పు ఎలా జరిగింది, దాని వల్ల ముగింపులో ఏ వాక్యం మారుతుంది అన్నవి రాసి, నోట్‌బుక్‌లో ఆ పేజీ స్కాన్ జతచేసి పంపండి.